వెలుతురును దాటిపోతే నిన్న ఎదురవుతుందా?

(సూర్యాపేటలో చేసిన స్మారక ఉపన్యాసం)



మనకు చదువు చెప్పిన ఆయన్ను మనమెవరమూ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. సారు అనే అన్నాం. ఈ గంటసేపు కూడా నేను సారు అనే అంటాను. ఆయన పేరున ఏర్పాటు చేసిన ఈ ఉపన్యాసానికి ఏ విషయం తీసుకోవాలని కమిటీ వాళ్లు అడిగినప్పుడు నేను ఆలోచించలేదు. ఎనిమిదో తరగతిలో ఆయన్ను నేనడిగిన ప్రశ్న ఒకటి ఉంది. దానికి ఆయన అప్పుడు సగం జవాబే చెప్పారు. మిగతా సగం నేను చదువుకుని తెలుసుకునేసరికి చెప్పడానికి సారు లేరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కర్ణాటక తీరంలో మన దేశం మీద అడుగుపెట్టి, రాయచూరు మీదుగా తెలంగాణలోకి వచ్చి, ఒడిశాలో పూరీ దగ్గర సముద్రంలోకి దిగిపోయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఆ నీడ దారిలో ఉన్నాయి. హైదరాబాదుకు దగ్గర్లో ఉన్న ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అక్కడికి వచ్చి దుర్భిణులు బిగించుకున్నారు. మన ఊళ్లో మాత్రం తలుపులు బిగించుకున్నారు.

మాది గూనపెంకల ఇల్లు. నాయనమ్మ నీళ్లకుండ మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, నన్ను లోపలి అర్రలో కూర్చోబెట్టి గొళ్లెం పెట్టింది. "బయటికి పోతే కండ్లు పోతయ్ బిడ్డా" అన్నది. చీకటి గదిలో కూర్చున్నాను. పెంకల సందుల్లోంచి ఎండ ఎదుటి గోడ మీద రూపాయి బిళ్లల్లా పడుతోంది. రోజూ చూసేదే. ఆ రోజు చూస్తుండగానే ఆ బిళ్లలకు ఒక పక్క కొరికినట్టయింది. కొంతసేపటికి గోడ నిండా నెలవంకలు. అన్నీ ఒకే వైపు వంగి, అన్నీ ఒకేసారి సన్నబడుతూ. మూడు ముక్కాలు ప్రాంతంలో అవి గోరు చివరంత అయి ఆరిపోయాయి. రెండు నిమిషాలకు పైగా ఏమీ లేదు. బయట కుక్కలు గమ్మునైపోయాయి. తర్వాత గోడ మీద నెలవంకలు మళ్లీ మొలిచాయి, ఈసారి రెండో వైపు నుంచి.

అది గ్రహణం బొమ్మే అని నాకు తెలియదు. భయపడ్డాను.

సోమవారం బడికి వెళ్తే సారు ఎలా చూశారో చెప్పారు. బడి ఆవరణలో ఒక్కరే నిలబడి, పోస్టుకార్డుకు గుండుసూదితో బెజ్జం పెట్టి, దాన్లోంచి పడే సూర్యుడి బొమ్మను ఇంకో కార్డు మీద పట్టుకున్నారట. సంపూర్ణ గ్రహణం పట్టిన ఆ రెండు నిమిషాలే తలెత్తి నేరుగా చూశారట. నల్లని బిళ్ల చుట్టూ తెల్లని వెలుగు, పట్టపగలు శుక్రుడు. చెబుతుంటే ఆయన గొంతు మారిపోయింది. నేను మా గోడ సంగతి చెప్పాను. "నీ ఇంటి కప్పే నీకు పోస్టుకార్డు అయింది కదరా" అని ఆ కార్డు నాకిచ్చేశారు. ఇదిగో, ఇదే. బెజ్జం చుట్టూ కాగితం పసుపు పచ్చబడింది.

నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. తలుపు తీసి ఉంటే నేనూ చూసేవాణ్ణి. అప్పుడే ఆ ప్రశ్న అడిగాను: "సార్, శనివారానికి మళ్లీ పోలేమా?"

ఆయన నవ్వలేదు. "వెలుతురు కంటే బిరబిరా పోగలిగితే పోవచ్చునంటారు. కానీ వెలుతురు కంటే బిరబిరా ఎవరూ పోలేరు" అన్నారు. ఎందుకు పోలేరు, పోతే శనివారం ఎలా వస్తుంది, ఈ రెండూ చెప్పలేదు. ఆ రెండూ ఒకే ప్రశ్న. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అంతే.

ముందు వెలుతురు సంగతి. అది శూన్యంలో సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. సూర్యాపేట నుంచి కోదాడకు బస్సుకు ఇంచుమించు గంట. వెలుతురుకు సెకనులో ఆరేడు వేల వంతు చాలు. అయినా అది క్షణంలో చేరదు, కొంత కాలం తీసుకుంటుంది. సూర్యుడి నుంచి మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. అంటే ఏది చూసినా పాతదే చూస్తున్నాం. చలికాలం రాత్రి పిల్లలమర్రి గుళ్ల దగ్గర నిలబడి తూర్పున వేటగాడి చుక్కల్లో రైజెల్‌ను చూడండి. అది సుమారు 860 కాంతి సంవత్సరాల దూరం. కొన్ని దశాబ్దాలు అటూ ఇటూగా, ఈ రాత్రి మీ కంట్లో పడే ఆ వెలుగు కాకతీయ రుద్రదేవుడి కాలంలో బయల్దేరింది. అది దారిలో ఉండగానే కాకతీయుల సామంతులైన రేచర్ల వారు ఆ గుళ్లు కట్టించారు.

దీన్ని తిరగేసి చూద్దాం. 1980లో మన ఊరి మీద పడిన నీడ కబురు కూడా వెలుతురుతో పాటే ఆకాశంలోకి బయల్దేరింది. ఆ క్షణాన రోహిణి, బ్రహ్మహృదయం రెండూ మన ఆకాశంలో తూర్పు దిక్కునే ఉన్నాయి, వెలుతురులో కనబడలేదు అంతే. బ్రహ్మహృదయం సుమారు 43 కాంతి సంవత్సరాల దూరం. 2023 ప్రాంతంలో ఆ కబురు దాన్ని దాటిపోయింది. రోహిణికి సుమారు 65. ఇంకా చేరలేదు. మీరు ఇప్పుడు బయల్దేరి ఆ వెలుతురును దాటిపోయి, రోహిణి దగ్గర ఊహకందనంత పెద్ద దుర్భిణి పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, బడి ఆవరణలో పోస్టుకార్డు పట్టుకున్న మనిషి కనబడాలి. చాలామంది కాలప్రయాణం అంటే ఇదేననుకుంటారు. కాదు. ఇది పాత ఉత్తరం చదవడం. ఆ తలుపు గొళ్లెం మాత్రం తీయలేరు. అసలు చిక్కు గొళ్లెం తీయగలగడంలో ఉంది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి.

1905లో ఐన్‌స్టీన్ చెప్పినవాటిలో మనిషి మనసుకు మింగుడుపడనిది ఒకటుంది. "ఇప్పుడు" అనేది అందరికీ ఒకటి కాదు. మిర్యాలగూడ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒకామె నిలబడి ఉందనుకోండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఒక రైలు ఆగకుండా పోతోంది. లెక్క కోసం ఆ రైలు బ్రహ్మహృదయం దిక్కుకే పోతోందనుకుందాం. రైల్లో ఆమె తమ్ముడున్నాడు. కిటికీ సరిగ్గా అక్క ముందుకు వచ్చిన క్షణాన ఇద్దరినీ అడగండి: "బ్రహ్మహృదయం దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోంది?" ఇద్దరి "ఇప్పుడు"కూ రెండు నిమిషాల పైన తేడా వస్తుంది. తమ్ముడి ఇప్పుడు రెండు నిమిషాలు ముందుంటుంది. ఎవరి గడియారమూ చెడిపోలేదు. వేగాన్ని దూరంతో గుణించి, కాంతి వేగ వర్గంతో భాగిస్తే ఆ తేడా వస్తుంది. రైలు వేగం కాంతి ముందు ఏపాటిది? కానీ 43 కాంతి సంవత్సరాల దూరం ఆ చిన్న తేడాను పెంచి రెండు నిమిషాలు చేస్తుంది. మామూలుగా ఈ తేడా వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే అంత దూరం కబురు పోవడానికే 43 ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఎవరో క్షణంలో మోగే ఫోను కనిపెట్టారనుకోండి. అక్క తన ఫోన్లో "గ్రహణం వదిలింది" అని చెప్పింది. ఆమె ఇప్పుడులోనే అక్కడ ఫోను మోగింది. అక్కడ ఎత్తినవాడు ఆ మాటను పక్కనే ఉన్న ఇంకొకడికి అందించాడు. ఆ ఇంకొకడు రైలు పోతున్న వేగంతో, రైలు పోతున్న దిక్కుకే పోతున్నాడు. కాబట్టి అతని ఇప్పుడూ తమ్ముడి ఇప్పుడూ ఒకటే. అతను వెంటనే రైలుకు ఫోను చేశాడు. తమ్ముడి ఫోను ఎప్పుడు మోగుతుంది? లెక్క వేసి చూడండి. అక్క నోరు తెరవడానికి రెండు నిమిషాల ముందు! తమ్ముడు మామూలు ఫోనులో అక్కకు చెప్పొచ్చు: "గ్రహణం వదిలిందని ఫోను చెయ్యకు." ఆమె చెయ్యలేదు. మరి తమ్ముడికి ఆ కబురు ఎవరు చెప్పినట్టు?

సారు చెప్పకుండా వదిలేసిన సగం ఇదే. కాంతిని మించి పోవడం, గతంలోకి పోవడం రెండు వేర్వేరు ఊహలు కావు. మొదటిది నిజంగా చేతనైతే రెండోది వద్దన్నా వస్తుంది. ఫోను క్షణంలో మోగక్కర్లేదు, కాంతి కంటే కాస్త ముందు మోగినా చాలు, రైలు వేగం అందుకు తగ్గట్టు పెరగాలంతే. అందుకే నేను కాంతి వేగాన్ని రోడ్డు పక్కన బోర్డు మీద రాసే వేగపరిమితిలా చూడను. కారణం ముందు, ఫలితం తర్వాత అనే వరసకు అది గట్టు. గట్టు తెగితే నీళ్లు ఎటు పోతాయో సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు నేను చెప్పాలా?

గట్టు ఎంత గట్టిదో చూడాలంటే జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలోకి వెళ్లాలి. అక్కడ ప్రోటాన్లను తోసి తోసి కాంతికి సెకనుకు మూడు మీటర్లు తక్కువ వరకూ తెచ్చారు. మూడు మీటర్లంటే సైకిల్ మీద నింపాదిగా పోయే వేగం. ఆ కాస్త పూడ్చడానికి ఎంత విద్యుత్తు పోసినా చాలదు. తోసేకొద్దీ శక్తి పెరుగుతుంది, వేగం దాదాపు పెరగదు.

మరి అసలు తోయనక్కర్లేకుండా, పుట్టుకతోనే కాంతిని మించి పోయే కణాలుంటే? ఈ ప్రశ్న వేసినవాళ్లలో మనవాడొకాయన ఉన్నాడు. కేరళలో కొట్టాయం దగ్గర పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్. 1962లో బిలానియుక్, దేశ్‌పాండేలతో కలిసి ఆయన రాసిన వ్యాసం ఈ సంగతికి మొదటి గట్టి మెట్టు. హిమాలయాలకు దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరానికి పోలేకపోవచ్చు, అంతమాత్రాన ఉత్తరాన మనుషులే లేరనడం తప్పు కదా అన్న వాదనలాంటిది అది. 1967లో గెరాల్డ్ ఫైన్‌బర్గ్ ఆ కణాలకు టాక్యాన్లు అని పేరు పెట్టాడు. అవి వెనక్కి నడిచినట్టు కనబడితే ఎలా అన్నదానికి కూడా సుదర్శన్ బృందం జవాబు చెప్పింది: రుణశక్తితో కాలంలో వెనక్కి పోతున్నట్టున్న కణాన్ని, ధనశక్తితో ముందుకు వస్తున్న ప్రతికణంగా చదువుకోవాలని. చక్కని ఉపాయం. కానీ ఇన్నేళ్ల వెతుకులాటలో ఒక్క టాక్యాన్ కూడా దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఆ పని వృథా అని నేననను. తలుపు ఉందో లేదో తట్టి చూసినవాళ్లు వాళ్లు.

2011 సెప్టెంబరులో మాత్రం తలుపు తెరుచుకున్నట్టే అయింది. జెనీవా నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కిందికి 730 కిలోమీటర్లు నేలలోంచి పంపిన న్యూట్రినోలు, కాంతికి పట్టాల్సిన సమయం కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ఒపేరా బృందం ప్రకటించింది. పత్రికలన్నీ ఐన్‌స్టీన్ ఓడిపోయాడని రాశాయి. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. శనివారం గుర్తొచ్చింది. కానీ ఒక పాత లెక్క అడ్డు తగిలింది. 1987 ఫిబ్రవరిలో పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఒక నక్షత్రం పేలినట్టు చూశాం. అది సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరం. ఒపేరా చెప్పిన వేగమే నిజమైతే, అక్కడి న్యూట్రినోలు వెలుగు కంటే నాలుగేళ్లు ముందు రావాలి. వచ్చింది మూడు గంటల ముందు. అది కూడా నక్షత్రం పైపొరలు పగిలి వెలుగు బయటపడటానికి పట్టిన ఆలస్యం వల్లే. కొన్ని నెలలకు అసలు సంగతి బయటపడింది. ఒక ఫైబర్ కేబుల్ బిగింపు వదులుగా ఉంది. అదే కొండ కింద ఇంకో బృందం కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగంతోనే వచ్చాయి. నమ్మశక్యం కాని కొలత వచ్చినప్పుడు దాచుకోకుండా లోకం ముందు పెట్టి, తప్పు వెతకండని అడిగిన ఆ బృందం మీద నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

కాంతిని మించి పోయేవి నిజంగానే కొన్ని ఉన్నాయి, వాటిని చూసి మోసపోకూడదు. ఆ సోమవారమే సారు టార్చిలైటు గోడ మీద వేసి తిప్పుతూ చెప్పారు. ఆ టార్చి వెలుగు చంద్రుడి దాకా పోతుందనుకోండి. చేతిని సెకనుకు అరవై డిగ్రీలు తిప్పితే చంద్రుడంత దూరాన ఆ వెలుగు మచ్చ సెకనుకు నాలుగు లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది. కాంతిని దాటింది కదా? కానీ దాటింది ఏది? ఆ మచ్చ ఒక వస్తువు కాదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఏ కబురూ మోయదు. గ్రహణం నీడ కూడా అంతే, అది నిమిషం లోపే సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్లింది, కానీ మన ఊరి నుంచి ఆ ఊరికి ఏమీ తీసుకెళ్లలేదు. ఇంకోటి, నీటిలో, గాలిలో వెలుతురు కాస్త నెమ్మదిస్తుంది. అక్కడ దాన్ని దాటిన కణాలు నీలి వెలుగు చిమ్ముతాయి. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్లు కట్టిన 21 మీటర్ల మేస్ దుర్భిణి లడఖ్‌లోని హాన్లేలో ఆ మెరుపులనే పడుతోంది. శూన్యంలోని గట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక రెండో దిక్కు. ముందుకు పోవడం. దీనికి అనుమతి ఉంది.

అందరూ ఒక్కసారి అరచెయ్యి చాచండి. ఇంచుమించు సెకనుకొకటి చొప్పున మీ అరచేతిలోంచి మ్యుయాన్ అనే కణం దూసుకుపోతోంది. అది మన తల మీద పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుట్టింది. దాని ఆయుష్షు సగటున సెకనులో పది లక్షల వంతులు రెండు పైచిలుకు. ఆ ఆయుష్షుతో వెలుతురంత వేగంగా పరిగెత్తినా ఏడు వందల మీటర్లు కూడా రాకూడదు. వచ్చి మీ చేతిలో పడుతోందంటే, దాని కాలం మన కాలం కంటే నెమ్మదిగా నడిచింది. అది మన భవిష్యత్తులోకి ప్రయాణం చేసి వచ్చింది. జాతీయ రహదారి 65 మీద పోయే లారీ డ్రైవరు ఫోనులో దారి చూసుకుంటాడు. ఆ దారి చెప్పే ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సవరించకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు పైగా దారి తప్పుతుంది.

పోతన భాగవతం తొమ్మిదో స్కంధంలో రేవతి కథ పెద్దవాళ్లకు తెలుసు. రేవతి తండ్రి కకుద్మి తన కూతురికి వరుడెవరని అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ గానం ముగిసేదాకా ఆగాడు. ఆ కాసేపట్లో భూమి మీద ఇరవైయేడు మహాయుగాలు గడిచాయి. ఈ కథను చూపించి సాపేక్షత మనకు ముందే తెలుసనేవాళ్లతో నేను ఏకీభవించను, ఇందులో లెక్క లేదు, కొలత లేదు. కానీ కాలం అన్ని చోట్లా ఒకేలా నడవదని ఊహించడానికి ఎంత ధైర్యం కావాలి! ఇంకో సంగతి గమనించండి. కకుద్మి వెనక్కి పోతానని అడగలేదు. అనుకున్న వరులెవరూ లేరని విని, ఉన్న కాలంలోని బలరాముడికి కూతుర్నిచ్చాడు. మన తెలుగు తెర మీద 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వచ్చినప్పుడు అందులోని కాలయంత్రం 1526కూ పోయింది, 2504కూ పోయింది. హాల్లో జనం రాయల కొలువు చూసి ఈలలు వేశారు. నేను మాత్రం ఆ యంత్రం మీటలు ఏ తేదీకైనా తిరుగుతాయా అని చూశాను.

వెనక్కి దారి పూర్తిగా మూసుకుపోయిందా? ఐన్‌స్టీన్ 1915 నాటి సమీకరణాలు స్థలాన్నే వంచడానికి ఒప్పుకుంటాయి. 1949లో గోడెల్, తిరిగే విశ్వం ఉంటే అందులో ఒక ప్రయాణికుడు తన గతాన్నే చేరుకోగలడని లెక్క చూపించాడు. 1988లో మోరిస్, థోర్న్ సొరంగంలాంటి అడ్డదారిని, 1994లో అల్కుబియెర్ స్థలాన్నే ముందు కుదించి వెనక సాగదీసే ఓడను లెక్క కట్టారు. ఓడలో కూర్చున్నవాడు కదలడు, వాడి కింద స్థలం కదులుతుంది. కానీ రెండింటికీ రుణశక్తి కావాలి, అదీ ఊహకందనంత. ప్రయోగశాలలో కనబడేది వెంట్రుకవాసి కూడా కాదు. 1992లో హాకింగ్, గతానికి దారి తెరుచుకోబోయే క్షణాన ప్రకృతే దాన్ని కూల్చేస్తుందని ఊహించాడు. రుజువు చేయలేదు. నేనైతే హాకింగ్ పక్షమే, ఎందుకంటే మిర్యాలగూడ ప్లాట్‌ఫాం మీద అక్క అడగని ప్రశ్నకు తమ్ముడు జవాబు చెప్పే లోకంలో ఏ ప్రయోగాన్నీ నమ్మలేం.

కాబట్టి సార్, శనివారానికి పోలేను. ఆ గొళ్లెం అలాగే ఉంటుంది, మా నాయనమ్మ గుమ్మంలో కూర్చునే ఉంటుంది. ఆమె మీద నాకు కోపం లేదు, నా కళ్లు పోకూడదనే పెట్టింది.

కమిటీ వారికి ఒక విన్నపం. 2034 మార్చి 20న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశంలోకి మళ్లీ వస్తుంది. కార్గిల్ ప్రాంతం మీదుగా పోతుంది. మనకు ఇక్కడ పాక్షికంగానే కనబడుతుంది. సారు పేరున ఉన్న ఈ స్మారక నిధి మీద వచ్చే వడ్డీలో ఏటా కొంత పక్కన పెట్టి, ఆ నెలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లల్ని, ఊరికి పదిమంది చొప్పున, అక్కడికి పంపండి. తల్లిదండ్రులతో మాట్లాడే పని నేను చూసుకుంటాను. కళ్లకు రక్షణ అద్దాలు కొనండి. ఈ పోస్టుకార్డు మాత్రం నేనిస్తాను, బెజ్జం పెట్టే ఉంది.